నఖాభయం

మూలికా లేపనాల ప్రామాణిక పరిశోధన సంస్థ డైరెక్టరు పరాంకుశం గారు రాజధానిలో ఒక పెద్ద హోటల్లో మూడు రోజుల శిక్షణకి వెళ్లి, నాలుగో రోజు పొద్దున్న కొత్త మనిషిగా తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు ఆయనకి తెలియని విషయాలు చాలా ఉండేవి. వచ్చేటప్పటికి, తెలియకపోవడమే సైన్సని తెలిసింది.

సంగతేమిటంటే, ఏ మందునైనా పరీక్షించేటప్పుడు సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇవ్వాలట. ఎవరికి ఏది అందిందో పుచ్చుకున్నవాళ్లకీ తెలియకూడదట, ఇచ్చినవాళ్లకీ తెలియకూడదట. తెలిస్తే మనసు ఒక పక్కకి మొగ్గుతుందట. ఇది లోకమంతా ఒప్పుకున్న పద్ధతే, తప్పు పట్టడానికేమీ లేదు. శిక్షణ ఇచ్చినవాళ్లు అక్కడితో ఆగారు. పరాంకుశం గారు ఆగలేదు. ఇద్దరికి తెలియకపోతేనే ఇంత మంచిదైతే, ఎవ్వరికీ తెలియకపోతే ఇంకెంత మంచిదో అని రైల్లో లెక్కలు కట్టుకుంటూ వచ్చారు.

ఆ ఆలోచన వచ్చి సూటిగా సహాయ పరిశోధనాధికారి గంటి త్రినాథం గారి నెత్తిన పడింది.

త్రినాథం గారికి పదవీ విరమణ ఇంకా ఏడాదిన్నర ఉంది. తొమ్మిదేళ్లుగా ఆయనకి ఒకటే పట్టుదల. కంచెల మీద పాకే నల్లేరు కాడల్ని దంచి, రసం తీసి, నువ్వుల నూనెలో కాచి, తేనెమైనం కలిపి ఆయన ఒక లేపనం తయారుచేశారు. పెళుసెక్కి, పొరలు లేచి, ఊరికే విరిగిపోయే గోళ్లకి అది పనిచేస్తుందని ఆయన నమ్మకం. నమ్మకం ఒక్కటే చాలదు కదా. నల్లేరు గోటికి మందు అని సంస్థ ముద్రతో ఒక్క వాక్యం కావాలి. ఆ వాక్యం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎవరడిగినా ఆ డబ్బా చేతిలో పెడతారు. తొమ్మిదేళ్లలో ఆయన పదకొండు సార్లు ఫైలు పెట్టారు. పదకొండు సార్లూ అది ఏదో ఒక సందేహంతో వెనక్కి వచ్చింది. ఒకసారి సందేహం నల్లేరు మీద, ఒకసారి గోళ్ల మీద, ఒకసారి త్రినాథం గారి మీద.

అంత పట్టుదలకి కారణం కాలువ అవతలున్న పచ్చళ్ల కంపెనీ షెడ్డు. అక్కడ ఇరవై నలుగురు ఆడవాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెల్లుల్లి ఒలుస్తారు. ఆ ఘాటుకి వేళ్ల కొసలు మండిపోతాయి, గోళ్లు అప్పడాల్లా తయారవుతాయి. గోరు లేనిదే రెబ్బ మీద పొట్టు లేవదు. అందుకని మేస్త్రి రోజూ గుమ్మం దగ్గర నిలబడి అందరి చేతులూ చూస్తాడు. గోళ్లు విరిగినవాళ్లని అటునుంచటే ఇంటికి పంపేస్తాడు. వాళ్లందరిలోకీ పెద్దది నూకరత్నం. పదిహేనేళ్లుగా ఒలుస్తున్న మనిషి, ఈమధ్య వారానికి మూడు రోజులు గుమ్మం దగ్గర్నించే తిరిగిపోతోంది. ఆ చేతులు చూసొచ్చినప్పుడల్లా త్రినాథం గారు ఫైలు మళ్లీ పైకి తీసేవారు.

అందుచేత మీ నల్లేరునే పరీక్షిద్దామని డైరెక్టరు గారు అన్నప్పుడు త్రినాథం గారికి ఏనుగెక్కినంత సంబరమయింది. ఆ సంబరం మధ్యాహ్నం భోజనాల దాకా నిలిచింది. భోజనాలయ్యాక గోప్యతా పరిరక్షణ సంఘం తొలి సమావేశం జరిగింది.

సంఘానికి అధ్యక్షులు డైరెక్టరు గారు. కార్యదర్శి పరిపాలనాధికారి సుందరశివరావు గారు. ఆయన చెడ్డవారు కాదు, ఏ మాటనైనా ఫైల్లో పెట్టడానికి వీలుగా మార్చుకుని గానీ వినలేరు, అంతే. అధ్యక్షులు గొంతు సవరించుకుని, విజ్ఞానమునకు ప్రథమ శత్రువు పరిజ్ఞానమేనని, సదరు శత్రువును ఈ ప్రాంగణము నుండి సమూలముగా తొలగించుటయే తమ లక్ష్యమని సెలవిచ్చారు. అందరూ బల్లలు చరిచారు. పరిజ్ఞానం అంటే ఎవరి పరిజ్ఞానమో అప్పటికి ఎవరూ అడగలేదు.

షెడ్డులోని ఇరవై నలుగురికీ ఇరవై నాలుగు డబ్బాలు. పన్నెండింట్లో నల్లేరు లేపనం. తక్కిన పన్నెండింట్లో నల్లేరు తప్ప మిగతావన్నీ, అంటే నువ్వుల నూనె, తేనెమైనం, పచ్చరంగు రావడానికి కాస్త పాలకూర రసం. ఇంతవరకు బాగానే ఉంది. గోళ్లు కొలవాల్సింది త్రినాథం గారు కాబట్టి, ఏ గోరు ఎవరిదో ఆయనకి తెలియకూడదని రెండో సమావేశంలో తీర్మానించారు. షెడ్డులో అడ్డంగా దుప్పటి కట్టారు. దుప్పటికి కన్నాలు పెట్టారు. ఆడవాళ్లు అవతల నిలబడి కన్నాల్లోంచి చేతులు చాపితే, ఇవతల త్రినాథం గారు భూతద్దం పెట్టుకుని విరిగిన గోళ్లు లెక్క పెట్టాలి. మొదటి వారమే చిక్కొచ్చింది. ఒక చేతి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు ఉంది. అది నూకరత్నానిదని ఊరందరికీ తెలుసు. సంఘం అత్యవసరంగా సమావేశమై అందరికీ చేతి తొడుగులు తెప్పించింది. తొడుగులు వేసుకుంటే గోళ్లు కనబడవని త్రినాథం గారు మనవి చేసుకున్నారు. దాని మీద రెండు వారాలు చర్చ జరిగి, తొడుగుల వేళ్ల కొసలు కత్తిరించుకోవడానికి అనుమతి వచ్చింది.

తర్వాత ఎవరికో అసలు ప్రశ్న తట్టింది. లేపనం తయారుచేసేది కూడా త్రినాథం గారే. కొలిచేవాడికి తెలియకూడనప్పుడు కాచేవాడికి మాత్రం ఎందుకు తెలియాలి?

త్రినాథం గారు తల పట్టుకున్నారు. తను ఏం కాస్తున్నాడో తనకే తెలియకపోతే కాచడమెలాగని అడిగారు. అది సాంకేతిక ఇబ్బంది మాత్రమేనని, సంఘం దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలని అధ్యక్షులు అన్నారు. మర్నాటినుంచి ఆయన కళ్లకి నాలుగు మడతల నూలు గుడ్డ కట్టి ప్రయోగశాలలో పొయ్యి ముందు నిలబెట్టారు. పక్కనే అటెండరు నిలబడి, కలపండి, ఆపండి, దింపండి అని చెప్పేవాడు. అటెండరుకి తెలిసిపోతోందని సుందరశివరావు గారు పసిగట్టి అతని కళ్లకీ గుడ్డ కట్టించారు. ఆ తర్వాత మూడో రోజున త్రినాథం గారి కుడి మీసం కొస కాలింది. పరీక్ష నివేదికలో అది ‘స్వల్ప దుష్ఫలితం, గోళ్లకు సంబంధం లేదు’ అని నమోదైంది.

అయినా ఆయనకి తెలిసిపోయేది. పచ్చి నల్లేరు ముట్టుకుంటే చేతులు దురద పుడతాయి. నల్లేరు పచ్చడి చేసుకునే ఇళ్లలో ఆడవాళ్లు చేతులకి నూనె రాసుకుని గానీ కాడల జోలికి పోరు. దురద పుట్టిన రోజున కాచింది అసలు మందు, పుట్టని రోజున ఉత్తుత్తి మందు. అబద్ధం ఆడే అలవాటు లేక, ఆ మాట త్రినాథం గారే స్వయంగా సంఘానికి చెప్పేశారు. సంఘం ఆయన నిజాయితీని మెచ్చుకుంటూ తీర్మానం చేసి, సమానత్వం కోసం ఉత్తుత్తి మందు కాచే రోజుల్లో ఆయన చేతులకి దూలగొండి నూగు రాయించాలని ఇంకో తీర్మానం చేసింది. ఆ నెలంతా త్రినాథం గారు రెండు చేతులూ గోక్కుంటూ తిరిగారు. ఏ దురద దేనివల్లో తెలియని స్థితికి ఆయన చేరుకున్నారని రూఢి చేసుకున్నాక, డబ్బాల మీద అంకెలు వేసి పంచారు. ఏ అంకె డబ్బాలో ఏముందో రాసిన కవరుకి లక్క ముద్ర వేసి డైరెక్టరు గారు బీరువాలో పెట్టుకున్నారు. ఆ క్షణంనుంచి ఆ విషయం గురించి ఆలోచించనని ఆయన ప్రతిజ్ఞ చేశారు. అది ఆయనకి పెద్ద కష్టం కాలేదు.

ఆరు నెలలు గడిచాయి. ప్రతి సోమవారం సిబ్బంది అందరూ తమకేమీ తెలియదని రాసి సంతకం పెట్టేవారు. త్రినాథం గారు మాత్రం దుప్పటి కన్నాల్లోంచి వచ్చే చేతులు చూస్తూ లోలోపల పొంగిపోయేవారు. వేళ్లు మెరుగుపడుతున్నాయి. పొరలు లేవడం తగ్గింది. మొదట్లో చేతికి నాలుగైదు విరిగిన గోళ్లుండేవి, ఇప్పుడు ఒకటి, ఒక్కోసారి అదీ లేదు. ఇక వాక్యం వచ్చినట్టే అనుకున్నారు. సగంమందికే ఇచ్చిన మందు, అన్ని చేతుల్లోనూ ఎందుకు పనిచేస్తోందో మాత్రం ఆయనకి తట్టలేదు. సంతోషంలో ఉన్నవాడికి లెక్క తప్పడం మామూలే.

కవరు విప్పే రోజున సమావేశపు హాలుకి మామిడాకులు కట్టారు. సుందరశివరావు గారు లక్క పగలగొట్టి, అంకెలు సరిచూసి, ఫలితం చదివారు. అసలు మందు రాసుకున్న పన్నెండుమందికి విరిగిన గోళ్లు సగటున తొమ్మిదినుంచి రెండుకి తగ్గాయి. ఉత్తుత్తి మందు రాసుకున్న పన్నెండుమందికీ తొమ్మిదినుంచి రెండుకే తగ్గాయి. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. కాబట్టి నల్లేరులో ఔషధ గుణమున్నట్టు రుజువు కాలేదు.

త్రినాథం గారి తొమ్మిదేళ్ల కష్టం ఒక్క కాయితంతో గాలికి పోయింది. ఆయన కుర్చీలో అలా కూలబడి ఉండగానే పరాంకుశం గారి ముఖం నెమ్మదిగా వికసించింది. ఆయన లేచి నిలబడ్డారు.

“మిత్రులారా, మనం తప్పు వైపు చూస్తున్నాం. మందు విఫలమైంది నిజమే. కానీ మందు లేనిది నూటికి నూరుపాళ్లు సఫలమైంది. ఔషధ ప్రమేయం లేకుండా ఔషధ ఫలితం సాధించిన మొట్టమొదటి లేపనం మనది.”

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. గోళ్లకి అభయమిచ్చేది కాబట్టి ఆ ఔషధరహిత లేపనానికి నఖాభయం అని అక్కడికక్కడే నామకరణం చేశారు.

ఆ సాయంత్రం త్రినాథం గారు కాళ్లీడ్చుకుంటూ కాలువ దాటి షెడ్డుకి వెళ్లారు. పరీక్ష అయిపోయింది కాబట్టి దుప్పటి తీసేశారు. మనుషులతో ముఖాముఖి మాట్లాడుకోవచ్చు. నూకరత్నం పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఏమైందని అడిగింది. ఆయన చెప్పారు.

“మాలో సగంమందికి మందు లేని డబ్బాలిచ్చేరని మాకు మొదటిరోజే తెలిసిపోయిందండి బాబుగారూ,” అంది ఆమె.

పచ్చళ్ల కంపెనీలో పదిహేనేళ్లు పనిచేసిన ముక్కులవి. ఆవపిండి వాసన చూసి ఎన్నాళ్ల కిందట కొట్టిందో చెప్పగలరు. మూతలు తీసి ఒక్కసారి వాసన చూడగానే ఏ పన్నెండింట్లో నల్లేరుందో, ఏ పన్నెండింట్లో పాలకూరుందో పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ షెడ్డులో ఒక అలవాటుంది. మధ్యాహ్నం ఎవరింటినుంచి ఏ కూరొచ్చినా ఒకే బేసిన్లో పోసి కలిపి అందరూ పంచుకుంటారు. అన్నం మాత్రమే తెచ్చుకున్నవాళ్లు తలొంచుకోవాల్సిన పని లేకుండా ఎప్పుడో పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. డబ్బాలకీ అదే చేశారు. ఇరవై నాలుగు డబ్బాల లేపనమూ బేసిన్లో పోసి, చేత్తో బాగా కలిపి, మళ్లీ ఎవరి డబ్బాలో వాళ్లు నింపుకున్నారు.

“పంక్తిలో వలపక్షం చేస్తే ఎలాగండి? ఆళ్ల గోళ్లు ఇరిగిపోతా ఉంటే నా గోళ్లు ఎలా సూసుకుంటానండి నేను?” అంది నూకరత్నం. తప్పు చేశామా అని కూడా అడిగింది.

త్రినాథం గారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏ తప్పూ చేయలేదమ్మా అన్నారు. సగం పలచబడ్డా కూడా తన నల్లేరు పనిచేసిందన్నమాట. ఆ రాత్రి ఆయనకి కంటినిండా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున్నే జరిగినదంతా రెండు పేజీల్లో రాసి డైరెక్టరు గారి ముందు పెట్టారు. పరాంకుశం గారు ఓపిగ్గా చదివారు. చదివి, ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియని విధంగా పరీక్ష జరిగిందని సంస్థ ధ్రువీకరించిందా లేదా అని అడిగారు. ధ్రువీకరించిందని త్రినాథం గారు ఒప్పుకున్నారు. అలాంటప్పుడు అది ఆ ఆడవాళ్లకి తెలియడం సాధ్యం కాదు కదా అన్నారు డైరెక్టరు గారు. వాసన చూశారండి అన్నారు త్రినాథం గారు. వాసనకు ఈ సంస్థలో ప్రామాణిక కొలమానమేదీ లేదని సుందరశివరావు గారు గుర్తుచేశారు. పైగా ఇప్పుడు ఈ సంగతి తెలిసిందని రాస్తే, కిందటి సోమవారం తెలియదని పెట్టిన సంతకం మాటేమిటని మెత్తగా అడిగారు. రెండు పేజీలూ భద్రంగా త్రినాథం గారి చేతికే తిరిగొచ్చాయి.

నఖాభయానికి బహుమతి వచ్చింది. అందులో ఏముందని అడిగిన విలేకరికి, ఏమీ లేకపోవడమే దాని ప్రత్యేకత అని డైరెక్టరు గారు వివరించారు. జిల్లాలో వెల్లుల్లి ఒలిచే షెడ్లన్నిటికీ ఉచితంగా పంచాలని ఉత్తర్వులొచ్చాయి. ఊరి అవతలున్న షెడ్లకి ఒక కాంట్రాక్టరు కాచి పంపుతాడు. నూకరత్నం వాళ్ల కాలువ గట్టు షెడ్డుకి మాత్రం అనుభవం దృష్ట్యా త్రినాథం గారే కాచాలి. నూనె, మైనం, పాలకూర. నల్లేరు ముక్క కూడా పడరాదు.

మొదటి విడత ఆయన అలాగే కాచి పంపించారు. ఉత్తర్వు ఉత్తర్వే కదా. రెండు నెలలు తిరిగేసరికి నూకరత్నం మళ్లీ గుమ్మం దగ్గర్నించి ఇంటికి పోవడం మొదలైంది. ఒకరోజు కాలువ వంతెన మీద ఎదురుపడి, కొత్త డబ్బాలు పనిచెయ్యట్లేదని చెప్పి, కోపం కూడా లేకుండా చేతులు చూపించింది. త్రినాథం గారు ఆ చేతులకేసి చూడలేకపోయారు. తన మీద తనకే అసహ్యం వేసింది. తిరిగొచ్చి, పట్టపగలు, కిటికీలు బార్లా తెరిచి, కంచె మీదనుంచి కోసుకొచ్చిన నల్లేరు దంచి మూకుడులో వేశారు. అప్పట్నుంచి ప్రతి విడతలోనూ వేశారు. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడడమే మర్చిపోయాడు.

ఏడు నెలల తర్వాత నాణ్యతా విభాగం వాళ్లు ఆనవాయితీగా కాలువ గట్టు డబ్బా ఒకటి పట్టుకెళ్లి పరీక్షించారు. అందులో నల్లేరు నార కనబడింది.

సంస్థ అట్టుడికిపోయింది. బహుమతి పొందిన ఔషధరహిత లేపనంలో ఔషధమా? పరాంకుశం గారికి ఆగ్రహం కట్టలు తెంచుకుంది. త్రినాథం గారిని ఉద్యోగంలోంచి తీసేస్తే గానీ సంస్థ పరువు నిలవదన్నారు. సుందరశివరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. లేపనంలో పనికిమాలిన పదార్థం కలిపితే మందలింపు మాత్రమే. తీసేయాలంటే కలిపింది నిస్సందేహంగా మందై ఉండాలి. నల్లేరు మందు కాదని సంస్థే తేల్చి కూర్చుంది. కాబట్టి, ఇప్పుడు మందని తేల్చాలి.

తేల్చడానికి విచారణాధికారుల్ని వేశారు. వాళ్లు మెరికల్లాంటి మనుషులు, చకచకా పని కానిచ్చారు. త్రినాథం గారు కాచిన డబ్బాలు వాడిన షెడ్డులోనూ, కాంట్రాక్టరు కాచిన డబ్బాలు వాడిన షెడ్లలోనూ గోళ్లు లెక్కపెట్టారు. ఎవరి డబ్బాలో ఏముందో వాడినవాళ్లెవరికీ ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. అక్కడ మనిషికి తొమ్మిది విరిగినవి, ఇక్కడ ఒకటి. సంస్థ పుట్టినప్పటినుంచి జరిగిన పరీక్షలన్నిట్లోకీ సక్రమమైనది అదే. తొమ్మిదేళ్లు తేలనిది తొమ్మిది రోజుల్లో తేలింది.

పదో రోజున త్రినాథం గారి చేతికి అభియోగ పత్రం అందింది. ఆయన నిలబడే చదువుకున్నారు. ‘గోళ్ల పెళుసుదనమును నివారించుటలో నిస్సందేహముగా రుజువైన ఔషధమగు నల్లేరును, ఔషధరహితమని ఆమోదింపబడిన నఖాభయమునందు కలిపి, సదరు లేపనమును మీరు కల్తీ చేసియున్నారు.’ కింద డైరెక్టరు గారి సంతకం. సంతకం పక్కన గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా, సంస్థ ముద్ర.

సుందరశివరావు గారు తలుపు దగ్గరికి వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, స్నేహంగా ఒక మాట చెప్పారు. పొరపాటున పాలకూర అనుకుని వేశానని రాసిస్తే చాలు, అభియోగం రద్దయిపోతుంది. పదవీ విరమణకి పట్టుమని రెండు నెలలు లేవు, పెన్షను చేతికొస్తుంది, పెద్దమనిషిలా దండ వేయించుకుని వెళ్లిపోవచ్చు.

“అభియోగం రద్దయితే ఈ పత్రం ఏమవుతుందండీ?” అని అడిగారు త్రినాథం గారు.

“పత్రమూ రద్దవుతుంది. అందులో ఉన్న ప్రతి అక్షరమూ రాయనట్టే లెక్క.”

త్రినాథం గారు చాలాసేపు ఆ ముద్రకేసి చూశారు. భార్యకి ఏం చెప్పాలో ఆలోచించారు. తర్వాత జేబులోంచి కలం తీసి, జవాబు రాయాల్సిన చోట, ‘అంగీకరిస్తున్నాను. కలిపినది నల్లేరే. తెలిసే కలిపాను,’ అని రాసి సంతకం పెట్టారు. నిబంధనల ప్రకారం తనకి రావాల్సిన ధ్రువీకరించిన నకలు ఇప్పించమని కోరారు. అది ఆయన హక్కు కాబట్టి సుందరశివరావు గారు కాదనలేకపోయారు.

వారం తిరక్కుండా తొలగింపు ఉత్తర్వు వచ్చింది. ఆ మధ్యాహ్నం త్రినాథం గారు నకలు పట్టుకుని షెడ్డుకి వెళ్లి నూకరత్నం చేతిలో పెట్టారు. ఇది తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చూపించండి, నల్లేరు లేపనం లేదని ఇకమీదట ఎవరూ అనలేరని చెప్పారు. ఆమెకి చదువు రాదు, చదివి వినిపించమంది. ఆయన మొదటినుంచి చివరిదాకా, తన పేరున్న చోటుతో సహా, చదివి వినిపించారు. ఇరవై నలుగురూ ఒలవడం ఆపి విన్నారు.

“నల్లేరు మందని ఇంత మంచి కాయితం రాసినోళ్లు, మరి మిమ్మల్నెందుకండీ తీసేసేరు?” అని అడిగింది నూకరత్నం.

“తియ్యడానికే రాశారమ్మా,” అన్నారు త్రినాథం గారు.